పది మీటర్ల దూరం, అయిదు మిల్లీమీటర్ల గురి: నాన్న ఎయిర్ రైఫిలు బాగుచేత డైరీ

జూన్ 8

తోతాపురి కోతలకని దామలచెరువు దగ్గరి మా తోటకు వెళ్లినప్పుడు మోటారు గది అటక మీద నాన్న ఎయిర్ రైఫిలు కనిపించింది. గోనెసంచిలో చుట్టి, పురికొసతో కట్టి ఉంది. నాన్న పోయి ఆరేళ్లయింది. ఆ తర్వాత దాన్ని ఎవరూ తీసినట్టు లేదు. నా చిన్నప్పుడు కాయలు కొరికే రామచిలుకలను అదలించడానికి ఆయన దీన్ని పేల్చేవాడు. గుండు మాత్రం ఎప్పుడూ వేయలేదు. ఆ చప్పుడుకే చిలుకలన్నీ ఒక్కసారిగా లేచి పక్క తోటలోకి వెళ్లిపోయేవి. రామచిలుకను కొట్టడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమని ఆయనకు తెలుసో లేదో నాకు తెలియదు. చంపడం మాత్రం ఆయనకు ఇష్టం ఉండేది కాదు.

దాన్ని తిరుపతికి తెచ్చాను. కారణం మా అమ్మాయి. పద్నాలుగేళ్లు. ఆరు నెలలుగా షూటింగ్ నేర్చుకుంటోంది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం గెలిచిన వీడియో ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. శిక్షణ కేంద్రంలో ఉన్న రైఫిలు వారానికి రెండు రోజులే చేతికి వస్తుంది. పోటీల్లో వాడే విదేశీ రైఫిలు కొనాలంటే లక్షలు కావాలి. జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం చెప్పే నాకు అది ఇప్పట్లో అయ్యే పని కాదు. అందుకే ఈ పాత రైఫిలును ఎంత ఖచ్చితంగా చేయగలనో చూడాలనుకున్నాను. ఖర్చుకు పెట్టుకున్న హద్దు 8,000 రూపాయలు.

చట్టం సంగతి మొదటే రాసుకుంటున్నాను. 2016 ఆయుధ నియమాల ప్రకారం బోరు (గొట్టం లోపలి వ్యాసం) 0.177 అంగుళం, అంటే 4.5 మి.మీ. మించకుండా, శక్తి 20 జౌళ్లు దాటకుండా ఉండే ఎయిర్ రైఫిలుకు లైసెన్సు అక్కర్లేదు. నాన్న రైఫిలు ఆ బోరుదే. శక్తి ఎంతో నేనే కొలుస్తాను. మందుగుండుతో పేలే తుపాకిని ఇంట్లో తయారు చేయడం, మార్పులు చేయడం మన దేశంలో నేరం, దాని జోలికి పోను. ఈ రైఫిలు గురి కాగితం మీదికే. పక్షి మీదికి, కోతి మీదికి, కుక్క మీదికి ఎత్తేది లేదని అమ్మాయి దగ్గర మాట తీసుకున్నాను.

గురి ఎంత అన్నది కూడా ఊహకు వదలకుండా లెక్క వేశాను. 10 మీటర్ల లక్ష్యం మీద పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. పెల్లెట్, అంటే ఎయిర్ రైఫిలులో వేసే చిన్న సీసపు గుండు, వ్యాసం 4.5 మి.మీ. దాని అంచు ఆ చుక్కను తాకితే చాలు, పది వస్తుంది. అంటే పెల్లెట్ మధ్య బిందువు లక్ష్యం మధ్య నుంచి 2.5 మి.మీ. లోపు పడాలి. రైఫిలు తన వంతుగా అన్ని గుళ్లనూ 5 మి.మీ. వెడల్పు చోటులో వేయగలిగితే, మిగిలింది మనిషి చేతిలో ఉంటుంది. నా లక్ష్యం ఆ 5 మిల్లీమీటర్లు.

జూన్ 15

ఏ మరమ్మతూ చేయకముందే ఇప్పుడు ఎలా ఉందో కొలిచాను. ఇది చేయకపోతే తర్వాత ఏ మార్పు వల్ల ఏం జరిగిందో తెలియదు.

మా ఇంటి వీధి గది నుంచి పెరటి గోడ దాకా నేరుగా 11 మీటర్లు వస్తుంది. పెరటి తలుపు లోపల గడియ వేసి, గోడకు ఆనించి ఇనుప పెట్టె పెట్టాను. దాని వెనుక పలక 5 మి.మీ. మందం, కిందికి వాలుగా అతికించి ఉంది. పెల్లెట్ పలకకు తగిలి పెట్టె అడుగుకు జారుతుంది, పెట్టెలో కుక్కిన పాత గుడ్డలు ముక్కలను పట్టుకుంటాయి. వెల్డింగుతో కలిపి 450 రూపాయలు అయింది. పేల్చేటప్పుడు ఇద్దరం కళ్లద్దాలు పెట్టుకుంటాం. పెల్లెట్లు సీసం కాబట్టి పని అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కోకుండా ఏదీ ముట్టుకోం.

వేగం కొలిచే యంత్రం కొనలేదు. ఫోను చాలు. ఫోనును రైఫిలు మూతికీ ఇనుప పలకకూ సరిగ్గా సమాన దూరంలో, అయిదో మీటరు దగ్గర పక్కగా స్టూలు మీద పెట్టాను. పేలిన చప్పుడు, తగిలిన చప్పుడు రెండూ ఫోనును చేరడానికి పట్టే సమయం ఒకటే కాబట్టి అది లెక్కలోంచి కొట్టుకుపోతుంది. రికార్డింగులో రెండు చప్పుళ్ల మధ్య ఉన్న ఎడమే పెల్లెట్ 10 మీటర్లు ప్రయాణించిన సమయం. ఫోను సెకనుకు 44,100 సార్లు ధ్వనిని నమోదు చేస్తుంది. కంప్యూటర్‌లో ఆ అలను సాగదీసి చూస్తే సెకనులో పదివేలో వంతు వరకు సులభంగా చదవవచ్చు. వచ్చేది దారి పొడవునా సగటు వేగం. మూతి దగ్గర వేగం దీనికంటే కాస్త ఎక్కువ ఉంటుంది. రెండు రోజుల పోలికకు సగటు సరిపోతుంది.

మొదటి ఫలితాలు బాగాలేవు. నెమ్మదైన పెల్లెట్‌కు 0.0633 సెకను పట్టింది, అంటే సెకనుకు 158 మీటర్లు. వేగమైన దానికి 0.0510 సెకను, అంటే సెకనుకు 196 మీటర్లు. ఇసుక సంచి మీద మెత్తటి దుప్పటి పరిచి, దాని మీద చెయ్యి ఆనించి అయిదేసి గుళ్ల చొప్పున పది గ్రూపులు వేశాను. ఒక్కో గ్రూపులో అతి దూరంగా పడ్డ రెండు చిల్లుల ఎడం, మధ్య నుంచి మధ్యకు, సగటున 31 మి.మీ. అతి చిన్నది 24, అతి పెద్దది 43. లక్ష్యం మీది నల్ల వృత్తం మొత్తం వ్యాసం 30.5 మి.మీ. గురి సరిగ్గా పెట్టినా గుండు నల్లటి భాగంలోనే పడుతుందని చెప్పలేని స్థితి.

పది గ్రూపులు ఎందుకంటే, ఒక్క గ్రూపు మనల్ని మోసం చేస్తుంది. అయిదు గుళ్లు అనుకోకుండా దగ్గర పడితే రైఫిలు బాగైందని నమ్మేస్తాం. ఈ డైరీలో ఎక్కడ సగటు అని రాసినా అది పది గ్రూపుల సగటే.

జూన్ 22

విప్పకముందు పైపైన చూసుకోవలసినవి మూడు. చెక్కకు (చేత్తో పట్టి భుజానికి ఆనించే భాగానికి) ఉన్న మూడు మరలూ వదులుగా ఉన్నాయి, బిగించాను. పెల్లెట్ పెట్టడానికి గొట్టాన్ని వంచే కీలు దగ్గర అది పక్కకు ఊగుతోంది. ఇరుసు మర తీసి, రెండు పక్కలా పలుచటి ఇత్తడి రేకు వాషర్లు వేస్తే ఊగడం పోయింది. మూడోది, గొట్టానికీ గాలి గదికీ మధ్య అతుకు. ఆ చోట పైన టిష్యూ కాగితం ముక్క పెట్టి పేలిస్తే కాగితం ఎగిరి పోయింది. గాలి అక్కడి నుంచే పోతోంది. 30 రూపాయల రబ్బరు రింగు వేశాక కాగితం కదలలేదు.

సగటు 22 మి.మీ.కు వచ్చింది. వేగాల తేడా కూడా తగ్గింది, ఇప్పుడు అన్నీ 171కీ 190కీ మధ్యే ఉన్నాయి. మొత్తం డైరీలో ఇంత తక్కువ ఖర్చుకు ఇంత లాభం ఇంకెక్కడా రాదనుకుంటున్నాను. పాత ఎయిర్ రైఫిలు ఉన్నవాళ్లు ముందు ఈ మూడూ చూడండి, ఆ తర్వాతే కొత్త సామాను గురించి ఆలోచించండి.

జూలై 6

ఈ రోజు విప్పాను. లోపల స్ప్రింగు బిగువుతో ఉంటుంది. వెనుక మూత మర తీయగానే ముఖం మీదికి ఎగిరే ప్రమాదం ఉంది. వడ్రంగులు వాడే పొడుగు బిగింపు క్లాంపును చెక్క చట్రంలో పెట్టి, మూతను నొక్కి పట్టి, మర తీసి, క్లాంపును చుట్టు చుట్టుగా వదిలాను. బయటికొచ్చేసరికి స్ప్రింగు జానెడు పైనే పొడుచుకు వచ్చింది. క్లాంపు లేకుండా ఈ పని ఎవరూ చేయవద్దు.

లోపల చూసింది వివరంగా రాయాలి. పాత గ్రీజు నల్లగా, బెల్లం పాకంలా అతుక్కుని ఉంది. స్ప్రింగును గాజు పలక మీద దొర్లిస్తే గుండ్రంగా దొర్లలేదు, నడుమ వంగి ఉంది. పిస్టన్ ముందు ఉండే తోలు బిళ్ల ఎండి చెక్కలా అయింది. దాని ముఖం మాత్రం మధ్యలో అద్దంలా నునుపుగా, సమ్మెటతో కొట్టినట్టు అణిగి ఉంది. అంచు ఒక పక్క నలిగి బయటికి మడత పడింది. పిస్టన్ ఇనుము అంచు మీద కూడా ఒత్తుళ్లు ఉన్నాయి.

ఇది ఎందుకు జరిగిందో అర్థమైనప్పుడు కాసేపు పని ఆపేశాను. మీట నొక్కగానే స్ప్రింగు పిస్టన్‌ను ముందుకు తోస్తుంది. దాని ముందున్న గాలి నలిగి, ఆ ఒత్తిడి పెల్లెట్‌ను తోస్తుంది. పెల్లెట్ అడ్డుగా ఉన్నంతసేపూ ఆ గాలే పిస్టన్‌కు మెత్తటి దిండు, అది గది చివర ఢీకొట్టకుండా ఆపుతుంది. గొట్టంలో పెల్లెట్ లేకపోతే గాలి ఊరికే బయటికి పోతుంది, పిస్టన్ వచ్చి ఇనుముకు కొట్టుకుంటుంది. ఖాళీగా పేల్చవద్దని తెలిసినవాళ్లందరూ చెప్పేది అందుకే. నాన్న ఇరవై ఏళ్లు ఖాళీగానే పేల్చాడు. చిలుకలకు తగలకూడదని. ఆ తోలు బిళ్లను పారేయలేదు, చిన్న డబ్బాలో పెట్టి బీరువాలో దాచాను.

జూలై 20

తోలు బిళ్ల కోసం వెతకనవసరం లేకపోయింది. చేతిపంపుల్లో వేసే తోలు వాషరు సరిగ్గా ఇలాంటి పనే చేస్తుంది, నీటికి బదులు ఇక్కడ గాలి. ఒక్కొక్కటి 40 రూపాయలు. ఆటోనగర్‌లో లేతు పనిచేసే ఆయన నా కొలతలకు చిన్న అచ్చు చేసిచ్చాడు. తోలును రాత్రంతా నీళ్లలో నానబెట్టి, గిన్నె ఆకారంలో అచ్చులో బిగించి ఆరబెట్టాలి. మొదటిదాన్ని తొందరపడి మిద్దె మీద ఎండలో పెట్టాను. సాయంత్రానికి అంచు బిరుసెక్కి పగిలింది. రెండోదాన్ని మూడు రోజులు నీడలో ఆరనిచ్చి, సిలికాన్ నూనె పట్టించాను. వేలితో నొక్కితే లొంగి, వదిలితే తిరిగి వచ్చింది. తోలు ఎలా ఉండాలో ఆ వేలికి తెలిసినంతగా పుస్తకంలో రాయలేం.

పెట్రోలియం నూనెలు ఈ గదిలో వేయకూడదు. పిస్టన్ గాలిని నొక్కే క్షణంలో అది విపరీతంగా వేడెక్కుతుంది, నూనె అంటుకుంటుంది. డీజిల్ ఇంజన్ పనిచేసే సూత్రమే. మూతి నుంచి పొగ, కాలిన వాసన వచ్చి, ఒక్కో గుండు ఒక్కో వేగంతో పోతుంది. మొదటి రోజు వేగాల్లో అంత తేడాకు పాత గ్రీజు కూడా ఒక కారణం అయి ఉండాలి. ఇప్పుడు మాలిబ్డినం గ్రీజును గోరంత తీసుకుని పిస్టన్ పక్కలకు మాత్రమే పూశాను.

స్ప్రింగు లోపల నిలబెట్టే కడ్డీ అసలు సమస్య. స్ప్రింగు లోపలి వ్యాసం 13.9 మి.మీ. ఉంటే కడ్డీ 12.6 మాత్రమే. మధ్యలో ఖాళీ ఉంది కాబట్టి పేల్చిన ప్రతిసారీ స్ప్రింగు తంబూరా తీగలా మోగుతోంది. 13.8 మి.మీ. నైలాన్ కడ్డీ చేయమని అడిగాను.

"అంత బిగువుగా ఉంటే స్ప్రింగు పట్టేయదా మేడమ్?" అన్నాడు లేతు ఆయన.

"నొక్కినప్పుడు స్ప్రింగు చుట్టు కాస్త వెడల్పవుతుంది అన్నా, బిగుసుకోదు. వదులుగా చేస్తేనే ఇబ్బంది" అన్నాను. ఆయన తన దగ్గరున్న స్ప్రింగు ఒకటి వైసులో నొక్కి, కాలిపర్స్ పెట్టి కొలిచి, తల ఊపి పని మొదలుపెట్టాడు. వినగానే నమ్మకుండా కొలిచి చూసుకున్న ఆ పద్ధతి నాకెంతో నచ్చింది. 350 రూపాయలు తీసుకున్నాడు.

ఆగస్టు 3

ఈ డైరీలో అన్నిటికంటే నాకు ముఖ్యమనిపించిన రోజు.

కొత్త స్ప్రింగు 650 పెట్టి కొన్నాను. అమ్మినవాళ్లు బలమైనదే ఇచ్చారు, అందరూ అదే అడుగుతారట. వేసి పేలిస్తే సగటు వేగం 214 మీటర్లు. నా పెల్లెట్ బరువు 0.53 గ్రాము కాబట్టి శక్తి సుమారు 12 జౌళ్లు. చట్టం హద్దుకు చాలా లోపలే ఉంది. వేగాలన్నీ 6 మీటర్ల తేడాలో పడ్డాయి. కానీ గ్రూపు సగటు 19 మి.మీ. ఇంత పని చేశాక 22 నుంచి 19కి మాత్రమే దిగింది.

పేల్చేటప్పుడు ముందు సైటును (గొట్టం కొసన గురి చూసే మొనను) చూస్తూ ఉంటే కారణం కంటికే కనిపించింది. స్ప్రింగు రైఫిలు రెండుసార్లు కదులుతుంది. పిస్టన్ ముందుకు దూకగానే రైఫిలు వెనక్కి తన్నుతుంది, పిస్టన్ చివరకు చేరి ఆగగానే ముందుకు ఊగుతుంది. ఈ రెండు కదలికలూ పెల్లెట్ ఇంకా బయటికి రాకముందే మొదలైపోతాయి. స్ప్రింగు ఎంత బలమైనదైతే ఆ ఊపు అంత ఎక్కువ, చెయ్యి ఏ కాస్త తేడాగా పట్టినా గుండు అంత దూరం జరుగుతుంది.

అందుకని స్ప్రింగు బలం తగ్గించాను. మూడు చుట్లు కోయించి, మిగతా భాగానికి తడిగుడ్డ చుట్టి, చివరి చుట్టును మాత్రం వేడిచేసి అణిచి, సానరాయి మీద చదును చేయించాను. సగటు వేగం 172 మీటర్లకు దిగింది. శక్తి 7.8 జౌళ్లు. గ్రూపు సగటు 12 మి.మీ.

శక్తి మూడో వంతు పోతే గురి మూడో వంతు పైనే మెరుగైంది. పోటీల్లో వాడే ఖరీదైన ఎయిర్ రైఫిళ్ల వేగం కూడా సెకనుకు 170 మీటర్లకు అటూ ఇటూగానే ఉంటుంది. కాగితానికి చిల్లు పడడానికి అంతకంటే అక్కర్లేదు. దుకాణంలో ఎవరిని అడిగినా ఎంత గట్టిగా కొడుతుందన్నదే చెబుతారు. ప్రతిసారీ ఒకేలా కొడుతుందా అన్నది ఒక్కరూ చెప్పలేదు. నేను చేస్తున్న పని మొత్తం ఆ రెండో ప్రశ్న కోసమే.

ఆగస్టు 17

గొట్టం మూతి. చెవి శుభ్రం చేసే దూది పుల్లను మూతి లోపలి అంచు చుట్టూ తిప్పితే ఒకచోట దూది పోగులు చిక్కుకున్నాయి. భూతద్దంలో చూస్తే చిన్న గంటు ఉంది. ఎప్పుడో రాయికో గట్టుకో తగిలి ఉంటుంది. పెల్లెట్ బయటికి వచ్చే చివరి క్షణంలో దాని వెనుక గాలి అన్ని వైపులా సమానంగా విడుదల కావాలి, గంటు ఉన్న వైపు ముందుగా పోతే పెల్లెట్ తోక, అంటే దాని వెనుక అంచు, పక్కకు జరుగుతుంది.

లోపలికి పొడి పోకుండా గ్రీజు దూది కుక్కి, గుండ్రటి తల ఉన్న ఇత్తడి మరకు వాల్వు రుద్దే పేస్టు రాసి, చేతి డ్రిల్లుతో నెమ్మదిగా, మొన అన్ని దిక్కులకూ ఊగేలా తిప్పాను. అయిదు నిమిషాలకొకసారి ఆపి చూశాను. నాలుగోసారికి అంచు చుట్టూ సన్నటి వెండి ఉంగరం అంతటా ఒకే వెడల్పుతో కనిపించింది. దూది చిక్కుకోవడం ఆగింది. తర్వాత పాత పంచె గుడ్డ ముక్కలు దారానికి కట్టి, తెల్లగా వచ్చేదాకా గొట్టంలో లాగాను.

సగటు 10 మి.మీ. పేస్టుకు 90 రూపాయలు.

సెప్టెంబరు 14

చెక్క పని నెల రోజులు పట్టింది. ఆ నెల నాకు చాలా ఇష్టమైనది.

నాన్న చెక్క పెద్దవాళ్ల చేతికి సరిపోయేది. అమ్మాయి పట్టుకుంటే చెక్క మడమను (వెనుక కొసను) భుజానికి ఆనించడానికి మెడ ముందుకు చాచాల్సి వచ్చేది. అలా వంగిన మెడతో ఏ రైఫిలైనా ఒకటే. కొత్త చెక్క కావాలి. కొర్లగుంటలో పడగొడుతున్న పాత ఇంటి టేకు ద్వారబంధం ముక్క 900కు దొరికింది. ఎన్నో ఏళ్ల ఎండకూ వానకూ తట్టుకుని ఉన్న చెక్క ఇక అంత తేలిగ్గా వంగదు, అదే నాకు కావలసింది. దాన్ని తీసుకుని ఏర్పేడు దగ్గరి మాధవమాలకు వెళ్లాం. దేవుడి విగ్రహాలు చెక్కే ఊరు అది. వీధిలో నడుస్తుంటే ప్రతి వసారాలో ఉలి చప్పుడే.

మేం కలిసిన పెద్దాయన రైఫిలు చెక్క ఎప్పుడూ చేయలేదన్నారు. పాత చెక్కను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, చెయ్యి పట్టే సన్నటి మెడ దగ్గర ఆగారు. అక్కడ బొటనవేలు గోటితో గీస్తూ, "చూడమ్మా, ఇక్కడ నార అడ్డంగా పోయింది. ఎప్పటికైనా విరిగేది ఇక్కడే" అన్నారు. నిజంగానే వెంట్రుకంత బీట ఉంది. అన్నిసార్లు తుడిచినా నేను చూడలేదు. టేకు ముక్క మీద బొగ్గుతో గీత గీసి, నార మెడ పొడవునా వెళ్లేలా ముక్కను ఏటవాలుగా పెట్టి ఆకారం వేశారు. అలా చేస్తే ఒక కొసన చెక్క వృథా అవుతుంది. "విగ్రహానికి చెయ్యి చెక్కేటప్పుడు కూడా ఇంతే పాపా, నార చేతి వెంట పోవాలి, చేతికి అడ్డం పోకూడదు" అని అమ్మాయికి చూపించారు. అమ్మాయి మోచేయి మడిచి, లోపలి మడత నుంచి చూపుడువేలు మొదటి గణుపు దాకా దారంతో కొలిచి, ఆ దారాన్నే చెక్క మీద పెట్టారు. టేపు వాడలేదు.

నాలుగు వారాంతాలు వెళ్లాం. ఉలి, తర్వాత ఆకురాయి, తర్వాత మూడు రకాల ఉప్పుకాగితం. ఇనుప భాగం కూర్చునే గాడిలో పసుపు పూసి, రైఫిలు దింపి, పైకి తీసి, పసుపు చెరిగిన చోటే కాస్త కాస్త తీస్తూ వచ్చారు. నాలుగు వైపులా పసుపు సమానంగా చెరిగేదాకా, పదిహేడుసార్లు. నేను లెక్కపెట్టాను. ఇనుము చెక్కలో ప్రతిసారీ ఒకేచోట కూర్చోవాలని నేను చెప్పనేలేదు. ఆయన చేతికి ఆ నియమం ముందే తెలుసు. 2,000 రూపాయలు అడిగారు, ఆ పనికి అది తక్కువే. ఇంటికి తెచ్చి అవిసె నూనె ఏడు పూతలు పట్టించాను. బయటే కాదు, గాడి లోపల కూడా. నవంబరు వానల్లో తేమ అటునుంచే ఎక్కుతుంది.

గ్రూపు సగటు 9.5. అంకె పెద్దగా మారలేదు. కానీ మొదటిసారి అమ్మాయి మెడ నిటారుగా ఉంది.

సెప్టెంబరు 28

పెల్లెట్లు. నాలుగు రకాల డబ్బాలు 2,150కి కొన్నాను. తెలిసిన నగల దుకాణంలో మధ్యాహ్నం బేరాలు లేనప్పుడు వాళ్ల కాటా మీద తూచనిచ్చారు. మిల్లీగ్రాము వరకు చూపిస్తుంది. చవక రకంలో బరువులు 0.46 నుంచి 0.55 గ్రాము దాకా ఉన్నాయి. ఖరీదైన చదును తల రకంలో 0.528 నుంచి 0.535 లోపే.

బరువు తేడా ఎంత నష్టం చేస్తుందో లెక్క వేశాను. 172 మీటర్ల వేగంతో 10 మీటర్లు పోవడానికి 0.058 సెకను పడుతుంది. ఆలోపు గుండు భూమి వైపు 16 నుంచి 17 మి.మీ. పడుతుంది. బరువు పది శాతం తగ్గితే, అదే శక్తికి వేగం అయిదు శాతం పెరిగి, పడడం 1.6 మి.మీ. తగ్గుతుంది. అంటే చవక పెల్లెట్లలో బరువు ఒక్కటే అన్నిటికీ కారణం కాదు. మిగతా తప్పు తోకలో ఉంది. డబ్బా అడుగున ఉన్నవాటిని పళ్లెంలో పోసి ఒక్కొక్కటీ తిప్పి చూస్తే నలిగిన తోకలు చాలా కనిపించాయి. తోకే గొట్టం గోడకు ఒత్తుకుని గాలిని ఆపేది. అది నలిగితే ఎంత తూచినా లాభం లేదు. అమ్మాయి ఇప్పుడు ప్రతి పెల్లెట్‌నూ వెలుతురులో తిప్పి చూశాకే డబ్బాలోంచి విడిగా పెడుతుంది, బియ్యంలో రాళ్లేరినట్టు.

చదును తల రకంతో, తోకలు చూసి ఏరిన వాటితో సగటు 6.4.

అక్టోబరు 12

మీట బిగువు వేలాడే కాటాతో కొలిస్తే 2.6 కిలోలు. పిస్టన్‌ను పట్టి ఉంచే లోపలి కొక్కేలను ఆకురాయితో రుద్ది తేలిక చేసుకోవచ్చని ఒకరు సలహా ఇచ్చారు. చేయలేదు. ఆ కొక్కెం కోణం ఒక్క డిగ్రీ తప్పినా, రైఫిలు గట్టుకు తగిలినప్పుడో, పెల్లెట్ పెడుతున్నప్పుడో దానంతటదే పేలవచ్చు. గొట్టం విసురుగా మూసుకుంటే వేళ్లు పోతాయి. పాత మురికి కడిగి, మాలిబ్డినం గ్రీజు చుక్క వేసి ఆపాను. 2.1 కిలోలకు వచ్చింది. అంతటితో చాలించాను. పెల్లెట్ పెట్టేటప్పుడు రెండో చేత్తో గొట్టం గట్టిగా పట్టుకునే ఉండాలన్నది మా ఇంట్లో మార్పు లేని నియమం.

పట్టు గురించి. ఈ రకం రైఫిలును గట్టిగా పట్టుకుంటే గురి చెడుతుంది. ఎడమ అరచేయి తెరిచి, గుడ్డు నిలిపినట్టు దాని మీద రైఫిలును ఆనించాలి. అది ఎటు ఊగాలంటే అటు ఊగనివ్వాలి, ప్రతిసారీ ఒకేలా ఊగితే గుండు ఒకేచోట పడుతుంది. పేలాక కూడా రెండు అంకెలు లెక్కపెట్టేదాకా కన్ను సైటు మీదే ఉండాలి. అరచేయి పెట్టిన చోటు రెండు అంగుళాలు ముందుకు జరిపి చూస్తే గ్రూపు మొత్తం 7 మి.మీ. పైకి జరిగింది. అందుకని చెక్క అడుగున, చెయ్యి పెట్టాల్సిన చోట, చూపుడువేలికి తెలిసేలా చిన్న గంటు పెట్టించాను.

నవంబరు 16

నాలుగు రోజులుగా వాన. శేషాచలం కొండలు మబ్బులో కనబడటం లేదు. చెక్కకు తేమ పట్టిందేమోనని భయపడి మళ్లీ పది గ్రూపులు వేశాను. సగటు 6.3, అతి చిన్నది 4.1, అతి పెద్దది 8.8. చెక్క కదలలేదు. వేగాల తేడా మొత్తం 4 మీటర్లు. లక్ష్యంగా పెట్టుకున్న 5 మి.మీ. సగటు ఇంకా రాలేదు, పదిలో రెండు గ్రూపులే దాని లోపు పడ్డాయి.

మొత్తం ఖర్చు 7,310 రూపాయలు.

మధ్యాహ్నం వాన తెరిపిచ్చినప్పుడు అమ్మాయి నిలబడి పది గుళ్లు వేసింది. 84. రెండు తొమ్మిదులు కుడి వైపు ఒకే చిల్లులో కలిసిపోయాయి. కాగితాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, "అమ్మా, ఇవి రైఫిలు తప్పు కాదు, నేనే లాగాను" అంది. మళ్లీ పెల్లెట్ల డబ్బా దగ్గరకు వెళ్లి ఏరడం మొదలుపెట్టింది.

మిగిలిన ఆ మిల్లీమీటరు పైచిలుకు వెనుక సైటులో ఉందని నా అనుమానం. గురి సరిచేసే మరను ఒక గీత తిప్పితే ఒకసారి కదులుతోంది, ఒకసారి కదలడం లేదు. వచ్చే ఆదివారం దాన్ని విప్పుతాం.